బంతి చేతికి వచ్చేదాకా

జూన్ 14, శనివారం

ప్లైవుడ్ షీటు వచ్చింది. ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు. లిఫ్టులో పట్టలేదు. నేనూ, షీటు తెచ్చిన ఆటో కుర్రాడూ కలిసి నాలుగంతస్తులూ మెట్ల మీదుగా మోసుకొచ్చాం. మూడో అంతస్తులో ఎదురైన పెద్దాయన "మంచం చేయిస్తున్నావా బాబూ?" అని అడిగారు. "రైల్వే స్టేషనండీ" అన్నాను. ఆయన గోడకు అతుక్కుని దారి ఇచ్చారు. ఇంకేమీ అడగలేదు.

నలభై దాటిన సాఫ్ట్‌వేర్ ఇంజనీరు షాద్‌నగర్ వైపు ప్లాటు కొన్నాడంటే అందరికీ అర్థమవుతుంది. రైలు ఇంజను బొమ్మ కొన్నాడంటే "ఇంట్లో అంతా బాగానే ఉన్నారా?" అని అడుగుతారు. ఈ డైరీ మొదలుపెట్టడానికి అదీ ఒక కారణం. అడిగినవాళ్లకు చెప్పలేనివి ఇక్కడ రాసుకోవచ్చు.

షీటును నిలువునా రెండుగా కోయించాను. పుస్తకాల గదిలో ఎల్ ఆకారంలో పరిస్తే గోడల వెంబడి సరిగ్గా సరిపోయింది. కిటికీ తలుపు మాత్రం ఇక పూర్తిగా తెరుచుకోదు. ఆ సంగతి ఇంట్లో ఇంకా చెప్పలేదు.

మొదటి తగాదా కొలతల దగ్గరే వచ్చింది. మోడల్ రైళ్లలో ఎక్కువమంది వాడే హెచ్‌ఓ స్కేలు 1:87. పట్టాల మధ్య ఎడం 16.5 మిల్లీమీటర్లు. దాన్ని 87తో హెచ్చిస్తే 1435 వస్తుంది. అది ఐరోపా, అమెరికాల స్టాండర్డ్ గేజి. మన బ్రాడ్ గేజి 1676. దాన్ని 87తో భాగిస్తే 19.26. అంటే బజారులో దొరికే పట్టాల మీద మన బండిని నిలబెడితే దాదాపు 2.8 మిల్లీమీటర్లు ఇరుకు. పెళ్లిలో పెద్దమనిషిని పిల్లల కుర్చీలో కూర్చోబెట్టినట్టు ఉంటుంది. పోనీ, పట్టాలకు తగ్గట్టు బండినే కుదిద్దామంటే స్కేలు 1:101 దగ్గర తేలుతుంది. అప్పుడు చక్రాలు, కప్లింగులు, మనుషుల బొమ్మలు ఏవీ కలవవు. మూడో దారి, 19.26 ఎడంతో పట్టాలు నేనే వేసుకోవడం. అలాగైతే బండి ఒక లైను నుంచి ఇంకో లైనుకు మారే ప్రతి పాయింటునూ చేత్తో ఆకురాయి పట్టి చేయాలి. నా సోల్డరింగు సంగతి నాకు తెలుసు.

చివరికి ఇరుకు పట్టాలకే రాజీపడ్డాను. కొత్తేమీ కాదు. మన ఇంటిపేరు ముందు వస్తుంది, ఫారంలో గడి చివర ఉంటుంది. పాతికేళ్లుగా టికెట్లలో, వీసాల్లో, ఆఫీసు బ్యాడ్జీ మీద నా పేరు తలకిందులుగానే తిరుగుతోంది. ఎవరో తమ అవసరానికి పెట్టుకున్న కొలతలో ఒదిగిపోవడం మనకు బాగానే అలవాటైంది.

జూన్ 29, ఆదివారం

పథకం గీశాను. ఎల్‌కు ఆ చివర ఒక స్టేషను, ఈ చివర ఒక స్టేషను, మధ్యలో సింగిల్ లైను. అంతే. గుండ్రంగా తిరిగే బండి నాకు వద్దు. తిరణాలలో రంగులరాట్నం లాంటిది అది. బండి అన్నాక ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి వెళ్లాలి, ఎదురుబండి కోసం ఆగాలి.

ఆగడం మామయ్య దగ్గర చూశాను. అమ్మకు తమ్ముడు. నంద్యాల–గిద్దలూరు మధ్య అడవి స్టేషన్లలో అసిస్టెంట్ స్టేషన్ మాస్టరుగా ఏళ్ల తరబడి పనిచేశారు. గాజులపల్లి, చెలమ, దిగువమెట్ట అనే పేర్లు నాకు బడిలో నేర్చుకున్న నదుల పేర్లకంటే ముందు వచ్చు. వేసవి సెలవుల్లో ఆయన క్వార్టరులో ఉండేవాళ్లం. అప్పట్లో మీటర్ గేజి. 1880లలో కట్టిన దొరబావి వంతెన మీదుగా బండి వెళ్తుంటే అమ్మ నా చొక్కా పట్టుకుని కూర్చునేది. గేజి మార్పిడితో దారి మళ్లింది, ఆ వంతెన అడవికి మిగిలిపోయింది. దాన్నే మోడల్ చేయాలని ఒక రాత్రంతా ఊహించుకున్నాను. ఆ ఎత్తుకు మా గది పైకప్పు చాలదు.

కాబట్టి ఇది ఏ స్టేషనుకూ నకలు కాదు. పేర్లు మా అమ్మాయి పెట్టింది. ఆ చివర అమ్మమ్మపేట, ఈ చివర హోంవర్కుపల్లె. పసుపు బోర్డు మీద తెలుగు, హిందీ, ఇంగ్లీషు మూడింటిలోనూ రాయించి, సముద్రమట్టానికి ఎత్తు కూడా వేయించింది. "మన నాలుగో అంతస్తు ఎత్తు కలిపావా నాన్నా?" అని అడిగింది. కలపలేదు.

లెక్క మాత్రం కఠినంగా ఉంది. ఎదురుబండికి దారి ఇచ్చి పక్కన ఆగే లూపు లైను నిజమైన స్టేషనులో సుమారు 700 మీటర్లు. స్కేలులో ఎనిమిది మీటర్లు. నా పలకే రెండున్నర మీటర్లు. ఆల్కో డీజిలు ఇంజను 17.12 మీటర్ల పొడవు, అంటే దాదాపు 20 సెంటీమీటర్లు. ఐసీఎఫ్ రకం ప్రయాణికుల పెట్టె ఒక్కొక్కటి ఇరవై నాలుగున్నర. లూపుకు 110 సెంటీమీటర్లు దక్కాయి. ఇంజనూ, మూడు పెట్టెలూ పడతాయి. నా ఎక్స్‌ప్రెస్సు మూడు పెట్టెల ఎక్స్‌ప్రెస్సు.

జూలై 12, శనివారం

ఈ వారమంతా మన్నూ రాయీ.

పట్టాల కింద కంకరకు విదేశీ పొట్లాలు దొరుకుతాయి గానీ, ఆ రంగు మన కంకరది కాదు. కింద కడుతున్న అపార్టుమెంటు దగ్గర రాతి డస్టు ఒక డబ్బాడు అడిగి తెచ్చాను. పిండి జల్లెడ పట్టి, మళ్లీ టీ వడపోసే జాలిలో వేసి, ఒక మిల్లీమీటరుకు లోపు రవ్వ తీశాను. ఆపైన అయస్కాంతం తిప్పాలి. గ్రానైటు పొడిలో నల్లటి రేణువులు కొన్ని అయస్కాంతానికి అంటుకుంటాయి. వదిలేస్తే అవి రేపు ఇంజను మోటారులోకి ఎగిరి చేరతాయి. అయస్కాంతానికి గడ్డం మొలిచినంత వచ్చింది.

ఫెవికాల్‌కు సమపాళ్లలో నీళ్లు, రెండు చుక్కల గిన్నెలు తోమే సబ్బు. సబ్బు లేకపోతే జిగురు రవ్వ మీద ముత్యాల్లా నిలబడుతుంది, లోపలికి ఇంకదు. ఇంజెక్షను సిరంజితో చుక్కచుక్కగా వేశాను. మూడు మీటర్లకు రెండు సాయంత్రాలు పట్టింది. ఆఫీసు పనిలో ఇంత ప్రశాంతమైన రెండు సాయంత్రాలు ఎప్పుడు గడిచాయో గుర్తులేదు.

అడవి నేలకు వాడేసిన టీ పొడి. ఎండబెట్టి చల్లితే టేకు ఆకులు రాలిన నేలలాగే ఉంది. ఎండుగడ్డికి కొబ్బరి పీచు.

జూలై 20

టీ పొడికి బూజు పట్టింది. జూలైలో డాబా మీద ఎండబెట్టిన తెలివి నాది. నల్లమలలో మంచు కురిసినట్టుంది. మొత్తం గీకేసి, కొత్త పొడిని పెనం మీద వేయించి చల్లాను. ఇల్లంతా కాలిన టీ వాసన.

ఆగస్టు 9, శనివారం

ఇవాళ ఇంజను కదిలింది.

మన డబ్ల్యూడీఎం-2 ఇంజను హెచ్‌ఓలో రెడీమేడుగా నాకు దొరకలేదు. నిజమైనదే అమెరికా ఆల్కో డిజైను. 1962లో అక్కడి నుంచి వచ్చాయి, 1964 నుంచి వారణాసిలో తయారయ్యాయి. అందుకని నేనూ ఆ దారిలోనే వెళ్లాను. ఒక పాత అమెరికన్ ఆల్కో మోడలు చాసిస్ కొని, పైన త్రీడీ ప్రింటరులో తీసిన మన ఒళ్లు తొడిగాను. గరుకు పోవడానికి మూడు రకాల ఎమరీ కాగితం పట్టాల్సి వచ్చింది. పక్కన గుత్తి షెడ్డు పేరు రాశాను. షెడ్డు పేరు లేని ఇంజను ఇంటిపేరు లేని మనిషిలా ఉంటుంది.

నడిపించే పద్ధతి డీసీసీ (డిజిటల్ కమాండ్ కంట్రోల్). పాత పద్ధతిలో పట్టాలకు ఎంత ఓల్టేజి ఇస్తే పైనున్న ఇంజన్లన్నీ అంత వేగంతో పోతాయి. ఇందులో పట్టాల్లో ఎప్పుడూ దాదాపు 15 ఓల్టులు ఉంటాయి, దాని దిశే అటూ ఇటూ మారుతూ ఉంటుంది. ఆ మార్పులోనే సందేశం దాగి ఉంటుంది. ఒక్కో వైపు 58 మైక్రోసెకన్లు ఉంటే ఒకటి, 100 ఉంటే సున్నా. ముందు వరసగా పద్నాలుగు ఒకట్లు, "వింటున్నారా" అన్నట్టు. తరువాత ఇంజను చిరునామా, ఆజ్ఞ, చివర సరిచూసుకోవడానికి ఒక బైటు. ఇంజనులో ఉన్న చిప్పు తన చిరునామా వస్తేనే స్పందిస్తుంది. కొత్త చిప్పు చిరునామా ఎప్పుడూ 3. ఆజ్ఞలు పంపడానికి ఆర్డువినో మెగా అనే చిన్న కంప్యూటరు బోర్డు, దాని మీద మోటారు షీల్డు, ఉచితంగా దొరికే డీసీసీ-ఈఎక్స్ ప్రోగ్రాం. తీగలు, కనెక్టర్లు కోఠి గుజరాతీ గల్లీ నుంచి.

మొదటి ఆజ్ఞ, ముందుకు. ఇంజను వెనక్కి వెళ్లింది. మోటారు తీగలు నేనే తారుమారుగా అతికించాను. మళ్లీ ఒళ్లు విప్పి సోల్డరింగు చేయాలి. లేదా చిప్పులో 29వ సెట్టింగును 6 నుంచి 7కు మార్చాలి, అప్పుడు అది వెనకనే ముందు అనుకుంటుంది. మార్చేశాను. చేతి తప్పును సాఫ్ట్‌వేరుతో కప్పిపెట్టడంలో నాకు పద్దెనిమిదేళ్ల అనుభవం ఉంది.

అసలు మా వృత్తికీ ఈ బొమ్మరైళ్లకూ చుట్టరికం ఉంది. అమెరికాలో ఎంఐటీ విద్యార్థుల మోడల్ రైళ్ల క్లబ్బు 1946లో మొదలైంది. బల్ల పైన బండ్లకు రంగులు వేసేవాళ్లు కొందరైతే, బల్ల కింద రిలేలూ తీగలూ అల్లేవాళ్లు మరికొందరు. "హ్యాక్" అన్న మాటను ఇవాళ మేము వాడే అర్థంలో వాడుకలోకి తెచ్చింది ఆ రెండో గుంపే అంటారు. ఈ ముక్క మా మేనేజరుకు చెప్తే "అయితే ఇది శిక్షణ కింద రాసుకో" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు లెండి.

ఆగస్టు 23, శనివారం

టోకెన్ ప్రోగ్రాం పూర్తయింది. దీని కోసమే ఇదంతా.

సింగిల్ లైనులో రెండు స్టేషన్ల మధ్య ఒక్క బండే ఉండాలి. దానికి మామయ్య కాలంలో నీల్స్ బాల్ టోకెన్ యంత్రం ఉండేది. స్టేషనుకు ఒకటి చొప్పున ఇనుప పెట్టెలు, రెండింటినీ కలుపుతూ తీగ. లోపల ఇనుప బంతులు. అవతలి మాస్టరు ఒప్పుకుని తన యంత్రంతో సహకరిస్తే తప్ప ఇవతల బంతి బయటికి రాదు. ఒక బంతి బయట ఉన్నంతసేపూ రెండు పెట్టెల్లో ఏదీ ఇంకో బంతి ఇవ్వదు. ఆ బంతిని తోలు సంచిలో పెట్టి, పెద్ద రింగుకు కట్టి డ్రైవరుకు అందిస్తారు. బంతి చేతిలో ఉంటేనే సెక్షన్లోకి, అంటే ఆ రెండు స్టేషన్ల మధ్య లైనులోకి, వెళ్లే హక్కు.

ఇది విన్న ప్రతి ప్రోగ్రామరూ "ఓహో, లాక్!" అంటాడు. నేనూ అన్నాను. ఒకే వస్తువును ఇద్దరు ఒకేసారి ముట్టుకోకుండా మేము రోజూ రాసేది అదే. కాబట్టి నాకు అరపూటలో అయిపోయింది. రెండు బటన్లు, మోగే గంటలు రెండు, మూడు దీపాలు. లైన్ మూసి ఉంది (అంటే ఖాళీ), బండి వెళ్తోంది, బండి వస్తోంది. సెక్షను పట్టాలకు కరెంటు గుర్తించే చిన్న సర్క్యూటు పెట్టాను. ఇంజను లోపల ఉంటే కరెంటు లాగుతుంది, ఎర్ర దీపం వెలుగుతుంది.

పైపెచ్చు ఒక జాగ్రత్త కూడా తీసుకున్నాను. గంటకు 60 కిలోమీటర్ల స్కేలు వేగంతో నా సెక్షను దాటడానికి 13 సెకన్లు పడుతుంది. ముప్పై సెకన్లయినా టోకెన్ తిరిగి రాకపోతే ప్రోగ్రామే దాన్ని వెనక్కి తీసుకుంటుంది. ఏదో ఒక చోట చిక్కుకుని మొత్తం ఆగిపోకూడదు కదా.

సెప్టెంబరు 7, ఆదివారం

మామయ్య వచ్చారు. కంటి పరీక్షకు డోన్ నుంచి. పరీక్ష రేపు. ఇవాళ నా స్టేషను తనిఖీ అయింది.

మొదట అరగంట ఏమీ మాట్లాడలేదు. వంగి, కంటికి చేయి అడ్డుపెట్టుకుని, పట్టాల మట్టానికి తల దించి చూశారు. టీ పొడిని వేలితో తీసి వాసన చూశారు. కంకర బాగుందన్నారు. సిగ్నలు అవతలి వైపు పెట్టావన్నారు, నిజమే. ఇంజను మీద గుత్తి పేరు చూసి నవ్వారు. తరువాత కుర్చీ లాక్కుని హోంవర్కుపల్లె వైపు కూర్చున్నారు.

"ఏదీ, బండి పంపించు అల్లుడూ."

గంట కొట్టాను. ఆయన బటను నొక్కారు. నా వైపు దీపం మారింది. బండి బయలుదేరింది. మలుపులోకి రాగానే ఆయన చేయి చాచి చివరి పెట్టె కప్లింగు విప్పేశారు. ఇంజను రెండు పెట్టెలతో దర్జాగా వెళ్లి హోంవర్కుపల్లెలో ఆగింది. ఒక పెట్టె సెక్షను నడుమ నిలబడిపోయింది. ఎర్ర దీపం ఆరింది. లైన్ మూసి ఉంది, అంటే ఖాళీ, అని నా ప్రోగ్రాం ప్రకటించింది.

"మామయ్యా, పెట్టెలు కరెంటు లాగవు. ఇంజను ఒక్కటే..."

"అది నీ పెట్టెకు తెలుసా?"

"తెలియదు."

"తెలియనప్పుడు ఖాళీ అని ఎందుకు చెప్పింది?"

నా దగ్గర జవాబు లేదు. ఎల్‌.వి. (లాస్ట్ వెహికల్) పలక గురించి అప్పుడు చెప్పారు. చివరి పెట్టె వెనక తగిలించే ఆ పలకను ప్రతి స్టేషనులోనూ చూసేవాళ్లం, నాకు గుర్తుంది. అది అలంకారం అనుకున్నాను. బండి స్టేషనులోకి వచ్చిందంటే లెక్క కాదట, పూర్తిగా వచ్చిందంటేనే లెక్క. ఆ పలక, రాత్రయితే దాని తోడు ఎర్ర దీపం, కళ్లతో చూశాకే వెనకటి స్టేషనుకు సెక్షను ఖాళీ అని చెప్తారు. ఒక వానరాత్రి చివరి దీపం కనబడలేదట. వెనక మెయిలు బండి లైన్ క్లియర్ అడుగుతోంది. ఆయన ఇవ్వలేదు. మనిషిని లాంతరుతో పంపించి, చివరిదాకా నడిపించి, పలక ఉందని తెలిశాకే ఇచ్చారు. దీపం ఆరిపోయింది, అంతే.

"మెయిలు ఎంతసేపు ఆగింది?"

"ఇరవై అయిదు నిమిషాలు. రిజిస్టరులో కారణం రాశాను."

టోకెన్ పోతే ఏం చేస్తారని అడిగాను. పోతే యంత్రంతో పని బంద్. ఫోనులో మాట్లాడుకుని, ఇద్దరు మాస్టర్లూ ప్రైవేట్ నంబర్లు మార్చుకుని, రాత కాగితం మీద బండిని పంపుతారు. ప్రైవేట్ నంబర్లంటే తాళం వేసి దాచుకునే జాబితా. వరసలేని అంకెలు, ఒకదాన్ని ఒకసారే వాడాలి. ఇవాళ ఫోనుకు వచ్చే ఓటీపీని వీళ్లు కాగితం మీద ఎప్పటి నుంచో వాడుతున్నారు!

అప్పుడు నా ముప్పై సెకన్ల జాగ్రత్త గురించి చెప్పాను. కాస్త గర్వంగానే చెప్పాను. ఆయన అర్థం చేసుకోవడానికి రెండుసార్లు అడిగారు. అర్థమయ్యాక కళ్లజోడు తీశారు.

"బండి రాలేదు కాబట్టి లైను ఖాళీ అంటోంది నీ పెట్టె. బండి రాలేదంటే లోపలే ఉందని కదరా!"

ఆ మాట గదిలో ఉండగానే కరెంటు పోయింది. జనరేటరు అందుకునేలోపు పది సెకన్లు. ఆర్డువినో తిరిగి లేచింది. తెగిన పెట్టె మలుపులో అలాగే ఉంది. దీపం మాత్రం లైన్ మూసి ఉంది అంటోంది, ఎందుకంటే నేను ప్రోగ్రాంలో మొదటి వరుసలోనే ఆ స్థితిని రాసిపెట్టాను. పొద్దున లేచిన లోకం ఎప్పుడూ శుభ్రంగా ఉంటుందన్నట్టు.

మామయ్య ఈసారి కోప్పడలేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగారు. "కరెంటు పోతే బండి ఎక్కడికి పోతుంది నాన్నా? అక్కడే ఉంటుంది కదా?"

భోజనాలప్పుడు రైళ్లు ఢీకొనకుండా ఆపే కవచ్ వ్యవస్థ గురించి మాట వచ్చింది. 2022 మార్చి 4న గుల్లగూడ, చిట్గిద్ద స్టేషన్ల మధ్య ఒకే లైను మీద ఎదురెదురుగా వచ్చిన రెండు ఇంజన్లు వాటంతటవే 380 మీటర్ల ఎడంలో ఆగిన వార్త ఆయన దాచుకున్నారు. మంచి పని అన్నారు. "తెలియకపోతే ఆగు అని దానికి చెప్పి ఉంటారు" అని, నా వైపు చూడకుండా పప్పు వడ్డించుకున్నారు.

సెప్టెంబరు 16

రైలు పని లేదు. రాత్రి పదకొండున్నరకు అమెరికా నుంచి కాల్. తెల్లవారి నాలుగింటికి లాప్‌టాప్ మూశాను.

మా దగ్గర రాత్రిపూట బిల్లులు తయారుచేసే ప్రోగ్రాం ఒకటి ఉంది. రెండు సర్వర్లలో ఏదో ఒక్కటే దాన్ని నడపాలి కాబట్టి లాక్ ఉంది. లాక్‌కు పది నిమిషాల గడువు. నిన్న డేటాబేసు మందగించి మొదటి సర్వరు పన్నెండు నిమిషాలు ఊపిరి బిగబట్టి ఉండిపోయింది. చావలేదు. గడువు తీరగానే రెండో సర్వరు లాక్ తీసుకుని మళ్లీ మొదటి నుంచి బిల్లులు వేసింది. మొదటిది తేరుకుని తనవీ పూర్తిచేసింది. కొన్ని వందల మందికి రెండేసి బిల్లులు.

ఆ గడువు వరుస ఎవరు రాశారో ప్రోగ్రాం మార్పుల చరిత్రలో వెతికారు. నాలుగేళ్ల కిందట, నేను. పక్కన వ్యాఖ్య కూడా ఉంది: "చిక్కుకుపోకుండా ముందుజాగ్రత్త".

పొద్దున సీతాఫల్‌మండిలో ఎంఎంటీఎస్ ఎక్కి హైటెక్ సిటీ దాకా నిలబడే నిద్రపోయాను. బేగంపేటకు ముందు బండి సిగ్నలు దగ్గర ఆగింది. పక్కనున్నాయన రైళ్ల ఆలస్యాన్ని తిట్టాడు. మామూలుగా నేనూ వంత పాడేవాణ్ని.

మధ్యాహ్నం సమావేశంలో పరిష్కారాలు అడిగారు. గడువు పది నుంచి ముప్పై నిమిషాలు చేద్దామన్నారు ఎవరో. అది బండికి ఇంకొంచెం సమయం ఇవ్వడమే గానీ, లోపల ఉందో లేదో చూడడం కాదన్నాను. బండి ఏమిటి అని అడిగారు. చివరికి ఒప్పుకున్నది ఇది: లాక్ తీసుకున్న ప్రతిసారీ ఒక వరస సంఖ్య పెరుగుతుంది, డేటాబేసు పాత సంఖ్యతో వచ్చిన రాతను తిప్పికొడుతుంది. గడువు తీరితే ఇంకోటి మొదలుకాదు, మనిషిని లేపుతుంది. ఆ మనిషి ఈ నెలంతా నేనే.

సెప్టెంబరు 28, ఆదివారం

రెండు వారాల పని ఒకేచోట రాస్తున్నాను.

ముందు పెట్టెలు. ప్లాస్టిక్ చక్రాలు తీసేసి లోహపు చక్రాలు వేశాను. చివరి పెట్టె ఇరుసుకు రెండు చక్రాల మధ్య 10 కిలో ఓమ్ రెసిస్టరు అతికించి, వాహక రంగుతో కలిపాను. 15 ఓల్టులకు ఒకటిన్నర మిల్లీ ఆంపియరు. నా గుర్తింపు సర్క్యూటుకు అది ఆనలేదు, ఒకసారి వెలిగి ఒకసారి ఆరింది. రెండో ఇరుసుకూ పెట్టాక మూడు మిల్లీ ఆంపియర్లు, దీపం గట్టిగా నిలబడింది. మూడు పెట్టెలకూ పెట్టాలనుకున్నాను. అక్కర్లేదు. బండి మధ్యలో ఎక్కడ తెగినా వెనక మిగిలే ముక్కలో చివరి పెట్టె ఉండే తీరుతుంది. ఎల్‌.వి. పలక ఒక్కటే ఎందుకుంటుందో సోల్డరింగు కడ్డీ చేతిలో ఉండగా అర్థమైంది.

తరువాత బంతి. ప్రోగ్రాంలో ఉన్న టోకెన్‌ను తీసేశాను. రాణిగంజ్‌లో పాత లారీ బేరింగులు అమ్మే దుకాణంలో ఇనుప బంతులు ఎనిమిది దొరికాయి. ఎందుకని అడిగితే రైలుకు అన్నాను. ఆయన నమ్మేశాడు. స్టేషనుకొక చెక్కపెట్టె, లోపల వాలుగా పీవీసీ పైపు, పైపులో నాలుగు బంతులు, మూతి దగ్గర చిన్న సర్వో మోటారు అడ్డం. ఒక్కో బంతి కింద ఒక్కో స్విచ్చి. అవతలివాళ్లు బటను నొక్కి పట్టుకుంటేనే ఇవతల అడ్డం లేస్తుంది, అదీ రెండు పైపుల్లో కలిపి ఎనిమిది బంతులూ ఉంటేనే, పట్టాల సర్క్యూటు కూడా ఖాళీ అంటేనే. కరెంటు పోయి వచ్చినా ప్రోగ్రాం దేన్నీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు, బంతులు లెక్కపెడితే చాలు. ఏడే ఉంటే ఒకటి బయట ఉంది.

ఒక చిక్కు మిగిలింది. అమ్మాయి వరసగా అటే బండ్లు పంపితే బంతులన్నీ అటే చేరతాయి. ఇటు పైపు ఖాళీ. మామయ్యకు ఫోను చేశాను. అసలు యంత్రాలకూ అదే జబ్బట. సిగ్నలు మెయింటెయినరు వచ్చి, లెక్క రాసుకుని, అటు బంతులు ఇటు మార్చేవాడట. దీనికి పరిష్కారం రాయబోతున్నానేమో అని భయపడి "ఏమీ చేయకు, చేత్తో మార్చు" అన్నారు.

అక్టోబరు 1, బుధవారం

నవమి. ఆయుధపూజ. లాప్‌టాప్‌కు, సోల్డరింగు కడ్డీకి, గుత్తి ఇంజనుకు కుంకుమ బొట్లు. అక్షింతలు పట్టాల మీద వేయొద్దని ముందే బతిమాలాను. అయినా రెండు గింజలు పాయింటులో ఇరుక్కున్నాయి. సూదితో తీశాను.

మామయ్య పండక్కి వచ్చారు. కంటికి ఆపరేషను అయింది, నల్లద్దాలు పెట్టుకున్నారు. హోంవర్కుపల్లె మళ్లీ ఆయనదే. అమ్మమ్మపేట నాది. అమ్మాయి డ్రైవరు, ఫోనులో వేగం మీట దాని చేతిలో ఉంది.

గంట కొట్టాను. అవతల నుంచి గంట. ఆయన బటను నొక్కి పట్టుకున్నారు. అడ్డం లేచింది, బంతి గణగణమని నా అరచేతిలో పడింది. ఇంత చిన్న వస్తువుకు ఇంత బరువు ఉంటుందని అనుకోలేదు. అమ్మాయి చేతిలో పెట్టాను. అది బంతిని గౌను జేబులో వేసుకుని బండి కదిలించింది. మలుపు తిరిగి, మెల్లగా, హోంవర్కుపల్లె లూపులో ఆగింది. అమ్మాయి పరుగున వెళ్లి తాతయ్యకు బంతి ఇచ్చింది.

ఆయన బంతిని పైపులో వేయలేదు. చేతిలోనే పట్టుకుని, నల్లద్దాలు నుదుటి మీదికి జరిపి, బండి వెనక్కి వంగి చూశారు.

"ఎల్‌.వి. ఏది?"

నాలుగు మిల్లీమీటర్ల పలక. నిన్న రాత్రి జిగురుతో అంటించాను. లేదు.

"సర్క్యూటు ఖాళీ అంటోంది తాతయ్యా, పచ్చదీపం కూడా వెలిగింది" అంది అమ్మాయి.

"నాకు కనబడలేదు."

వంటింట్లోంచి పులిహోర చల్లారిపోతోందని రెండోసారి పిలుపు వచ్చింది. మామయ్య బంతిని జుబ్బా జేబులో వేసుకుని కుర్చీలో వెనక్కి ఆనుకున్నారు. నేనూ అమ్మాయీ ఫోను దీపాలు వెలిగించుకుని బల్ల కింద టీ పొడిలో, అక్షింతల మధ్య వెతుకుతున్నాం.